బేబీ మానిటర్ కొంటున్నారా? ముందు రౌటర్ ప్లగ్ పీకి చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌లు రివ్యూ చేసేటప్పుడు ఒక వస్తువు బాగోలేకపోతే పోయేది మహా అయితే కొన్ని వేల రూపాయలు. బేబీ మానిటర్ లెక్క వేరు. ఆ సంగతి నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది.

మాది విజయవాడలో రెండంతస్తుల ఇల్లు. కింద హాలు, వంటగది, అమ్మానాన్నల గది ఉంటాయి. నేను పనిచేసుకునే టేబుల్ కూడా హాల్లోనే. పైన మా పడగ్గది, దాని పక్కన బట్టలారేసుకునే డాబా. ఇంట్లో స్మార్ట్ సామాన్లకు కొదవ లేదు. స్పీకర్, బల్బులు, ప్లగ్‌లు, గేటు దగ్గర కెమెరా అన్నీ ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వెళ్లిన మా ఆవిడ పాపతో ఐదో నెలలో తిరిగొచ్చింది. ఇప్పటికే ఉన్న యాప్‌లో ఇంకో కెమెరా కలిపేస్తే పోలా అనుకుని, ఒక ఇండోర్ వై-ఫై కెమెరా తెచ్చి పైగదిలో పెట్టాను. నెలన్నర పాటు బ్రహ్మాండంగా పనిచేసింది.

ఒక మే నెల మధ్యాహ్నం పాప పైన నిద్రపోతోంది. మా ఆవిడ రాత్రంతా మేలుకుందని కింద అమ్మ గదిలో నడుం వాల్చింది. "నువ్వు పడుకో, నేను చూస్తుంటాగా" అన్నాను. ల్యాప్‌టాప్ పక్కన ఫోన్ పెట్టుకుని, యాప్ తెరిచి పని చేసుకుంటున్నాను. గాలి మొదలైంది, కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కాబట్టి నేను పట్టించుకోలేదు. ఫోన్ వైపు చూసినప్పుడల్లా పాప వెల్లకిలా ప్రశాంతంగా పడుకునే కనపడింది.

కాసేపటికి వాన వచ్చేలా ఉందని, డాబా మీద బట్టలు తీయడానికి అమ్మ పైకి వెళ్లింది. మెట్లు ఎక్కుతూనే అరిచింది. "ఒరేయ్, పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోందిరా! నీకు వినపడట్లేదా?"

నేను పరుగెత్తేసరికి అమ్మ పాపను ఎత్తుకుని ఉంది. పాప బోర్లా తిరిగి, గొడుగులా తెరిచే చిన్న దోమతెరను తన మీదకే లాక్కుంది. దాని అంచు చేతికి చుట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ తర్వాత లెక్కేసుకుంటే, నేను చూస్తున్న ఆ బొమ్మ దాదాపు పాతిక నిమిషాల కిందటిది.

జరిగింది చాలా చిన్న విషయం. కెమెరా ప్లగ్ ఇన్వర్టర్ లైన్ మీద ఉంది. రౌటర్ ఉన్న ప్లగ్ ఆ లైన్ మీద లేదు. కరెంటు పోగానే రౌటర్ ఆగిపోయింది, కెమెరాకు బయటికి దారి లేకుండా పోయింది. ఫోన్ చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకు మారింది. యాప్ ఆఖరి ఫ్రేమ్‌ను అలాగే పట్టుకుని కూర్చుంది. మూలన చిన్న చక్రం ఒకటి తిరుగుతోందట, నేను గమనించలేదు. నిద్రపోయే పిల్ల ఎలాగూ కదలదు కదా! కదలని బొమ్మ నాకు అనుమానం కలిగించలేదు సరికదా, ఇంకా ధైర్యం ఇచ్చింది.

ఆ కంపెనీ పేరు చెప్పను. ఆ తర్వాత నేను చూసిన మరికొన్ని కెమెరా యాప్‌లు కూడా ఇంచుమించు ఇలాగే ప్రవర్తించాయి. కానీ ఆ రోజు నుంచి నాకు ఒకే ఒక్క కొలబద్ద ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు బొమ్మ ఎంత బాగా చూపిస్తుందన్నది తర్వాత సంగతి. తాను పనిచేయడం ఆగిపోయినప్పుడు గట్టిగా అరిచి చెబుతుందా, లేదా? చెప్పేదే బేబీ మానిటర్. చెప్పనిది ఉత్త కెమెరా. మిగతా వ్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

అసలు మీ ఇంటికి మానిటర్ కావాలా?

ముందు ఇది తేల్చుకోండి. మన ఇళ్లలో చంటిపిల్లలు రాత్రిపూట తల్లి పక్కనో, అదే గదిలో ఉయ్యాలలోనో పడుకుంటారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనలు కూడా కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే, అయితే విడిగా తనకంటూ ఉన్న పడక మీద పడుకోబెట్టమంటున్నాయి. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో తలుపు తీసి ఉంచితే ఏడుపు ఎటూ వినపడుతుంది. అలాంటి ఇంట్లో మానిటర్ కొనడం అంటే డబ్బులు దండగ చేసుకోవడమే.

మరి ఎవరికి ఉపయోగం? డూప్లెక్స్ ఇళ్లకు, పైన కింద వాటాలున్న ఇళ్లకు, ఏసీ వేసి తలుపు మూసే గదులకు. ఇంటి నుంచి పనిచేస్తూ చెవిలో హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్లకు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు మనవల్ని చూసుకునే ఇళ్లకు. ఇంకో రకం అవసరం కూడా ఉంది. ఆఫీసులో కూర్చుని ఇంట్లో పాప ఎలా ఉందో ఒకసారి చూసుకోవాలనిపించడం. ఇది నిఘా కాదు, ఒక ఊరట. కానీ ఈ రెండు అవసరాలూ వేర్వేరు. ఒకే వస్తువుతో రెండూ తీర్చుకోవాలనుకోవడమే నేను చేసిన మొదటి తప్పు.

నాలుగు రకాలు, వాటి మధ్య అసలు తేడా

బేబీ మానిటర్ కొత్త వస్తువేమీ కాదు. 1937లో అమెరికాలో జెనిత్ కంపెనీ 'రేడియో నర్స్' అనే పరికరాన్ని తెచ్చింది. శిల్పి ఇసాము నొగుచి దాని బేకలైట్ పెట్టెను డిజైన్ చేశాడు. పిల్ల గదిలో ఒక పెట్టె, పెద్దవాళ్ల దగ్గర ఒక పెట్టె. శబ్దం ఇంట్లోని కరెంటు వైర్ల మీదుగానే వచ్చేది. ఇన్నేళ్లలో మారింది ఆ రెండు పెట్టెల మధ్య దారి. మనం కొనేటప్పుడు చూడాల్సింది కూడా ఆ దారినే.

మొదటిది, మాట మాత్రమే వినిపించే ఆడియో మానిటర్. వీటిలో మంచివి కార్డ్‌లెస్ ఫోన్లు వాడే డెక్ట్ పద్ధతిలో పనిచేస్తాయి. ఆ ఫ్రీక్వెన్సీ వై-ఫైతో గొడవపడదు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. లింక్ తెగితే పెద్దవాళ్ల దగ్గరున్న యూనిట్ బీప్ మంటుంది. బొమ్మ ఉండదు కదా అని చాలామంది వద్దంటారు. కానీ పిల్ల ఏడిస్తే మనం ఎలాగూ లేచి వెళ్లి చూడాల్సిందే.

రెండోది, సొంత స్క్రీన్‌తో వచ్చే వీడియో మానిటర్. కెమెరా, చేతిలో పట్టుకునే స్క్రీన్ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ మీద, ఒక చానల్ నుంచి ఇంకో చానల్‌కు గెంతుతూ సిగ్నల్ పంపుతాయి. బాక్స్ మీద ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ అని ఉంటే అదే. ఇంటర్నెట్‌తో గానీ, రౌటర్‌తో గానీ, ఫోన్‌తో గానీ పని లేదు. ఇంటర్నెట్‌లో లేదు కాబట్టి ఎక్కడో కూర్చున్నవాడు దాంట్లోకి దూరలేడు. లోపాలు లేవని కాదు. వై-ఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే 2.4 మీద ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడు బొమ్మ చెదురుతుంది. స్క్రీన్ బ్యాటరీని రోజూ చార్జ్ చేసుకోవాలి. ఆఫీసు నుంచి చూడటం కుదరదు.

మూడోది, వై-ఫై కెమెరా. రెండు మూడు వేలకే దొరుకుతుంది, బొమ్మ స్పష్టంగా ఉంటుంది, ఎక్కడినుంచైనా చూడొచ్చు. కానీ ఒక్కసారి దారిని లెక్కపెట్టండి. కెమెరా నుంచి రౌటర్, అక్కడి నుంచి ఫైబర్ పెట్టె, వీధిలో కేబుల్ ఆపరేటర్ సామాను, కంపెనీ సర్వర్, మొబైల్ నెట్‌వర్క్, మీ ఫోన్, అందులో యాప్, ఆ యాప్ నోటిఫికేషన్. ఎనిమిది తొమ్మిది ముళ్లున్న తాడు ఇది. ఏ ఒక్క ముడి ఊడినా మీకు తెలియాలి. కొన్ని కెమెరాలు ఫోన్ కూడా అదే వై-ఫై మీద ఉంటే సర్వర్‌తో పనిలేకుండా నేరుగా బొమ్మ పంపుతాయి. అలాంటిదైతే సగం ముళ్లు తగ్గినట్టే.

నాలుగోది, పాదానికి సాక్సులా తొడిగి గుండె వేగం, ఆక్సిజన్ చూపించేవి. వీటి సంగతి చివర్లో విడిగా చెబుతాను.

ప్లగ్ పీకే పరీక్ష

బాక్స్ తెరిచిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే ఈ ఐదు పరీక్షలు చేయండి. పాప గదిలో లేనప్పుడు చేయాలి. ఒక ఫోన్‌లో పాట పెట్టి పడక మీద ఉంచితే చాలు. మరో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి.

ఒకటి. కెమెరా ప్లగ్ తీసేయండి. మీ చేతిలో ఉన్న స్క్రీన్ లేదా ఫోన్ ఎన్ని సెకన్లకు అరిచింది? అసలు అరిచిందా, లేక బొమ్మ అలాగే నిలబడిపోయిందా?

రెండు. రౌటర్ ప్లగ్ తీసేయండి. మా కొంప ముంచింది ఇదే.

మూడు. రౌటర్‌ను ఆన్‌లోనే ఉంచి, ఫైబర్ పెట్టె నుంచి రౌటర్‌కు వచ్చే వైరు మాత్రం తీయండి. అంటే ఇంట్లో వై-ఫై ఉంది, ఇంటర్నెట్ లేదు. ఇప్పుడు బొమ్మ వస్తోందా? వస్తే ఆ కెమెరా ఇంట్లోనే పనిచేయగలదని అర్థం. రాకపోతే, మీ పక్క గదిలో ఉన్న పాప బొమ్మ కూడా ఎక్కడో సర్వర్ దాకా వెళ్లి మళ్లీ మీ దగ్గరికి వస్తోందన్నమాట. రెండు పెట్టెలూ కలిసి ఒకటే వస్తే, ఫైబర్ వైరును మీరు కదపకండి, అది సున్నితం. ఇంటర్నెట్ ఆగిన రోజు చూసుకోండి.

నాలుగు. ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి, సైలెంట్‌లో పెట్టి, అరగంట వదిలేయండి. తర్వాత ఆ గదిలో చప్పుడు చేయించండి. అలర్ట్ వినపడిందా? చాలా సెట్‌లు తప్పేది ఇక్కడే.

ఐదు. స్క్రీన్ పట్టుకుని ఇల్లంతా తిరగండి. బాక్స్ మీద మూడొందల మీటర్లు అని రాస్తారు. అది అడ్డేమీ లేని మైదానం లెక్క. మన ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబులు దాటేసరికి అందులో ఆరో వంతు మిగిలితే గొప్పే. సిగ్నల్ తెగిన చోట బీప్ మనాలి.

ఒకటి, రెండు, ఐదు పరీక్షల్లో నిమిషం లోపు శబ్దం రాకపోతే, నేనైతే ఆ వస్తువును తిరిగి పంపించేస్తాను. సొంత స్క్రీన్‌తో వచ్చేవాటిలో ఇంకో సంగతి చూడండి. చప్పుడైతేనే స్క్రీన్ వెలిగే పద్ధతి ఒకటి ఉంటుంది, వాక్స్ మోడ్ అంటారు. బ్యాటరీ ఆదా అవుతుంది గానీ, ఆ మోడ్‌లో కూడా లింక్ తెగితే బీప్ వస్తుందో లేదో తప్పకుండా పరీక్షించాలి.

ఇన్వర్టర్, రౌటర్, చిన్న యూపీఎస్

మన ఊళ్లలో ఇది అన్నిటికంటే ముఖ్యం. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లు, గదికి ఒక ప్లగ్ మాత్రమే ఇస్తారు. మీ రౌటర్, ఫైబర్ పెట్టె ఏ లైన్ మీద ఉన్నాయో మెయిన్ ఆపి చూడండి. రెండూ వేర్వేరు పెట్టెలైతే రెండింటికీ బ్యాకప్ కావాలి. ఒక్కదానికి ఉంటే ప్రయోజనం లేదు.

రౌటర్ కోసమే చిన్న మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి దానికి సరిపోయేదే తీసుకోండి. ఇన్వర్టర్ మీదే పెట్టేటట్టయితే, దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో కరెంటు మారడం త్వరగా జరుగుతుంది కాబట్టి రౌటర్ రీస్టార్ట్ అవ్వదు. మామూలు మోడ్‌లో ఆ రెప్పపాటు సరిపోతుంది రౌటర్ ఆగి మళ్లీ మొదలవ్వడానికి. మీకు ఫ్యాన్ తిరుగుతూనే కనపడుతుంది, కెమెరా మాత్రం కొన్ని నిమిషాలు గుడ్డిదైపోతుంది.

స్మార్ట్ హోమ్‌తో కలిపేటప్పుడు

స్మార్ట్ స్పీకర్లు, డిస్‌ప్లేలు, ప్లగ్‌లు ఉన్న ఇంట్లో మానిటర్‌ను కూడా వాటితో కలిపేయాలని చేతులు దురదపెడతాయి. నాకూ పెట్టాయి. కలపడం తప్పు కాదు, దాని మీదే ఆధారపడటం తప్పు.

వంటగదిలో స్క్రీన్ ఉన్న స్పీకర్ ఉంటే, చేతులు ఖాళీ లేనప్పుడు "పాప గది చూపించు" అని అడగడం బాగుంటుంది. కానీ మీ కెమెరా మీ స్పీకర్‌తో పనిచేస్తుందా అన్నది బాక్స్ మీద గుర్తు చూసి నిర్ణయించుకోవాలి. అన్ని కంపెనీల సామాన్లనూ కలిపే మ్యాటర్ అనే ప్రమాణం 2022 అక్టోబర్‌లో వచ్చింది గానీ, అప్పుడు అందులో కెమెరాలకు చోటు లేదు. 2025 నవంబర్‌లో వచ్చిన 1.5 వెర్షన్‌తోనే కెమెరాలు చేరాయి. కాబట్టి పాత కెమెరా మీ మ్యాటర్ ఇంట్లోకి దానంతటదే చేరుతుందని ఆశపడొద్దు. సొంతంగా హోమ్ అసిస్టెంట్ లాంటిది నడుపుకునేవాళ్లు ఆర్‌టీఎస్‌పీ లేదా ఆన్‌విఫ్ సపోర్ట్ ఉన్న కెమెరా తీసుకుంటే, కంపెనీ సర్వర్ అవసరం లేకుండా ఇంట్లోనే బొమ్మ తెచ్చుకోవచ్చు.

కెమెరాను స్మార్ట్ ప్లగ్‌కు పెట్టొద్దు. మా ఇంట్లో 'గుడ్ నైట్' అనగానే కొన్ని ప్లగ్‌లు ఆగిపోయేలా రొటీన్ ఒకటి ఉండేది. ఒక రాత్రి నాన్న అలవాటుగా ఆ మాట అన్నారు. పాప గది కెమెరా కూడా గుడ్ నైట్ చెప్పేసింది. గోడ సాకెట్‌కే నేరుగా పెట్టండి, ఆ స్విచ్ మీద చిన్న టేపు ముక్క అంటించండి.

ఇంట్లో పాత ఫోన్ ఉంటే ఇంకో ఉపాయం. ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి సౌండ్ రికగ్నిషన్ అనే సెట్టింగ్ ఉంది. ఆండ్రాయిడ్‌లో సౌండ్ నోటిఫికేషన్స్ ఉంది. రెండూ పసిపిల్లల ఏడుపును గుర్తుపడతాయి. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం తెచ్చిన ఫీచర్ ఇది. చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకుని పనిచేసేటప్పుడు పనికొస్తుంది. రెండో రక్షణగా పెట్టుకోండి, మొదటిదిగా మాత్రం కాదు.

ఫోన్‌లో మార్చాల్సిన సెట్టింగ్‌లు

ఫోన్‌నే మానిటర్ చేసుకుంటున్నారంటే, ఆ ఫోన్ మీకు తెలియకుండా యాప్‌ను నిద్రపుచ్చకుండా చూసుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' లేదా 'నో రిస్ట్రిక్షన్స్' ఎంచుకోండి. ఆటోస్టార్ట్ అనే ఆప్షన్ విడిగా ఉంటే అది కూడా ఆన్ చేయాలి. నోటిఫికేషన్లలో ఆ యాప్ అలర్ట్‌కు డు నాట్ డిస్టర్బ్ దాటి మోగే అనుమతి ఇవ్వండి. ఐఫోన్‌లో అయితే సైలెంట్‌లోనూ మోగే 'క్రిటికల్ అలర్ట్స్' పంపడానికి యాప్ తయారీదారు ఆపిల్ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఆ యాప్‌కు ఆ సౌకర్యం ఉందా లేదా ముందే చూసుకోండి.

డేటా లెక్క కూడా చెబుతాను. వీడియో సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వస్తుందనుకుంటే గంటకు 450 ఎంబీ అవుతుంది. ఆఫీసులో రోజుకు 2 జీబీ ప్యాక్ మీద వరసగా చూస్తూ కూర్చుంటే నాలుగున్నర గంటల్లో ప్యాక్ ఖాళీ.

దోమతెర, ఫ్యాన్, చీర ఉయ్యాల

విదేశీ రివ్యూలలో మీకు కనపడని సంగతులు ఇవి.

చీకట్లో చూడటానికి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉంటాయి. మధ్యలో దోమతెర ఉంటే ఆ వెలుతురు తెర మీదే పడి తిరిగొస్తుంది. స్క్రీన్ మీద తెల్లటి పొగమంచు తప్ప పాప కనపడదు. కెమెరాను తెరకు దూరంగా, కొంచెం ఎత్తులో, ఏటవాలుగా పెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే నైట్ విజన్ ఆపేసి, సన్నటి బెడ్ ల్యాంప్ వేసుకోవడమే మేలు. కెమెరా మీద చిన్న ఎర్రటి చుక్కలు వెలుగుతుంటే అది 850 నానోమీటర్ల రకం. 940 రకమైతే కంటికి ఏమీ కనపడదు.

ఫ్యాన్ స్పీడు ఐదులో ఉంటే సౌండ్ అలర్ట్ ఊరికే మోగుతుంది. దాంతో మనం విసుగొచ్చి సెన్సిటివిటీ తగ్గిస్తాం. తీరా పాప మూలిగినప్పుడు అది మోగదు. ఫ్యాన్, ఏసీ మామూలుగా వాడే స్పీడులో పెట్టుకునే సెన్సిటివిటీ సెట్ చేయండి. చీర ఉయ్యాలలో పడుకోబెడితే మోషన్ అలర్ట్ మీద ఆశ వదిలేసుకోండి. ఊగిన ప్రతిసారీ మోగుతుంది. పైగా పాప లోపల ఉంటుంది కాబట్టి కెమెరాకు కనపడేది చీరే. అక్కడ పనికొచ్చేది శబ్దం ఒక్కటే.

ఒక్క జాగ్రత్త మాత్రం మరచిపోవద్దు. కెమెరా, దాని వైరు పడకకు కనీసం మూడు అడుగుల దూరంలో ఉండాలి. మానిటర్ వైర్లు మెడకు చుట్టుకుని పిల్లలు చనిపోయిన ఘటనల తర్వాత అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ చెప్పిన కొలత ఇది. ఈ రోజు చెయ్యి అందని దూరం, పిల్ల కూర్చోవడం, నిలబడటం మొదలెట్టాక అందుతుంది. వైరును గోడకు క్లిప్పులతో బిగించండి.

ఎవరెవరు చూస్తున్నారు?

వై-ఫై కెమెరాల్లోకి బయటివాళ్లు దూరిన ఘటనల్లో చాలావాటికి కారణం వేరేచోట లీకైన పాస్‌వర్డే ఇక్కడా వాడటం. కాబట్టి ఈ ఒక్క యాప్‌కు ఎక్కడా వాడని కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. రెండంచెల లాగిన్ ఆన్ చేయండి. అది లేని యాప్ అయితే ఆ కెమెరా పడగ్గదిలోకి వద్దు. రౌటర్ పాస్‌వర్డ్ మార్చండి, పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోవద్దు. అన్నిటికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో ఇలాంటి వస్తువులు అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతోనే ఆపేసింది. ఆ చట్టం పరిధిలో బేబీ మానిటర్లూ ఉన్నాయి.

కెమెరాను గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టమని చాలామంది చెబుతారు. మంచి సలహానే. కాకపోతే అలా పెడితే కొన్ని రౌటర్లు మీ ఫోన్‌ను, కెమెరాను నేరుగా మాట్లాడుకోనివ్వవు. బొమ్మ మళ్లీ సర్వర్ చుట్టూ తిరిగొస్తుంది. పెట్టాక పైన చెప్పిన మూడో పరీక్ష మళ్లీ చేయండి.

అసలు బయటివాళ్ల సంగతి సరే, ఇంట్లోవాళ్ల సంగతేమిటి? నేను ఉత్సాహంగా యాప్ లాగిన్‌ను నాన్నకు, తమ్ముడికి, అత్తగారింట్లో వాళ్లకు పంపేశాను. ఒక రోజు మా ఆవిడ అడిగింది. "ఆ గదిలోనే కదా నేను పాపకు పాలిచ్చేది? ఈ కెమెరా పాపకు పెట్టావా, నాకు పెట్టావా?" నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చి, అందరి లాగిన్లూ తీసేశాను. లెన్స్‌ను మూసే షట్టర్ ఉన్న కెమెరా కొనమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. షట్టర్ తీసే అధికారం ఆ గదిలో ఉండే మనిషిదే. పాపను చూసుకునే ఆయా ఉంటే, కెమెరా ఉందని, మాటలు కూడా వినపడతాయని ఆమెకు ముందే చెప్పడం మర్యాద.

అమెరికా నుంచి తెప్పించుకుంటున్నారా?

డల్లాస్‌లో ఉండే మా వదిన "మా పిల్లలకు వాడింది ఉంది, పంపిస్తాను" అంది. నేను వద్దన్నాను. అక్కడి డెక్ట్ మానిటర్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన దేశంలో 1920 నుంచి పైన ఉన్న ఆ భాగం మొబైల్ నెట్‌వర్క్‌లది. ఇక్కడ దాన్ని వాడటం సరికాదు, సరిగ్గా పనిచేస్తుందన్న నమ్మకమూ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ రకమైతే ఆ ఇబ్బంది లేదు, ఆ బ్యాండ్‌కు ఇక్కడా లైసెన్స్ అక్కర్లేదు. అయినా అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూడండి. 120 మాత్రమే ఉంటే మన ప్లగ్‌లో పెట్టగానే కాలిపోతుంది.

గుండె వేగం చూపించే సాక్సులు

భయపడే తల్లిదండ్రుల్ని ఎక్కువగా లాగేవి ఇవే. ఇలాంటి ఒక ప్రసిద్ధ సాక్స్ తయారీదారుకు 2021 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ పంపింది. అనుమతి లేకుండా దాన్ని వైద్య పరికరంలా అమ్ముతున్నారన్నది అభ్యంతరం. అదే కంపెనీ కొత్త మోడల్‌కు 2023 నవంబర్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అయితే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాట మాత్రం స్పష్టం. నిద్రలో హఠాత్తుగా జరిగే శిశు మరణాలను తగ్గించడానికి ఇంట్లో వాడే ఇలాంటి మానిటర్ల మీద ఆధారపడొద్దు. వెల్లకిలా పడుకోబెట్టడం, గట్టిగా చదునుగా ఉన్న పరుపు, పడకలో మెత్తటి దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు లేకపోవడం. వాళ్లు చెప్పే అసలు రక్షణ ఇది. ఇందులో ఏదీ చార్జింగ్ పెట్టక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకో, ఊపిరి సమస్య ఉన్న బిడ్డకో ఏది కావాలన్నది డాక్టర్ చెప్పాలి, నాలాంటి రివ్యూవర్ కాదు.

చివరికి మేం ఏం చేశాం?

ఇంట్లో వాడకానికి సొంత స్క్రీన్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ మానిటర్ తీసుకున్నాం. బొమ్మ నాణ్యత పాత కెమెరాలో సగం కూడా లేదు. కానీ ప్లగ్ పీకితే కొన్ని సెకన్లలోనే గోల చేస్తుంది. మొదట్లో ఆ గోలకు అమ్మ విసుక్కునేది. ఇప్పుడు ఆ స్క్రీన్‌ను కొంగున ముడేసుకున్నట్టు తనతోనే తిప్పుతోంది. వై-ఫై కెమెరాను షట్టర్ ఉన్న మోడల్‌కు మార్చి హాల్లో పెట్టాం, నేను బయట ఉన్నప్పుడు చూసుకోవడానికి మాత్రమే. రౌటర్‌కు మినీ యూపీఎస్ వచ్చింది. గొడుగు దోమతెర పోయి, పరుపు కిందకు గట్టిగా దోపే పెద్ద తెర వచ్చింది.

మీ ఎంపిక కూడా ఇలాగే సులువుగా తేల్చుకోవచ్చు. ఒకే అంతస్తు చిన్న ఇల్లయితే ఏమీ కొనొద్దు. గదులు దూరమైతే ఆడియో మానిటర్ చాలు. చూడాలని కూడా ఉంటే సొంత స్క్రీన్ ఉన్నది. ఆఫీసు నుంచి చూడాలంటే వై-ఫై కెమెరా, అయితే దానికి తోడుగా ఇంట్లో ఒక మనిషి, రౌటర్‌కు బ్యాకప్ తప్పనిసరి. మోడల్ పేర్లు కావాలనే ఇవ్వలేదు. అవి ఆరు నెలలకోసారి మారతాయి, ప్లగ్ పీకే పరీక్ష మారదు.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. స్క్రీన్ మీద పాప ఎంత ప్రశాంతంగా కనపడినా, పావుగంటకోసారి లేచి పైకి వెళ్లి తలుపు సందులోంచి చూసొస్తాను. పదహారు మెట్లు. ఆ రోజు అమ్మ ఎక్కింది కూడా ఆ పదహారు మెట్లే.